తిప్పి పంపిన సంచుల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

విజయవాడ వరద బాధితుల కోసం పిల్లలు తెచ్చిన సంచుల్లో కొన్నింటిని పోయిన వారం ఇంటికి తిప్పి పంపాం. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోనూ గేటు దగ్గరా ఇదే చర్చ. "ఇచ్చింది తీసుకోకుండా ఈ పట్టింపులేమిటి మేడం" అని కొందరు నన్నే అడిగారు. అడిగినందుకు సంతోషం. అందుకే ఈసారి ఉత్తరంలో సగానికి పైగా దీని గురించే.

ఆ సంచుల్లో ఏమున్నాయో చెబుతాను. గుండీలు ఊడిన చొక్కాలు, చంకల్లో చిరిగిన జాకెట్లు, ఎలాస్టిక్ సాగిపోయిన లోదుస్తులు, కాఫీ మరక కూడా పోని దుప్పటి, గడువు దాటిన జ్వరం మాత్రలు. పొద్దున వ్యాన్ హారన్ కొట్టాక అటక మీద చేతికందింది సంచిలో కుక్కి పిల్లల భుజాన వేస్తే ఇలాగే ఉంటుంది. మీకు పనుల ఒత్తిడి ఉంటుందని తెలుసు, కానీ ముందు రోజు రాత్రి ఓ పది నిమిషాలు టీవీ కట్టేసి పిల్లలతో కలిసి సర్దితే ఈ చర్చే ఉండేది కాదు.

ఆగస్టు 31 నుంచి కురిసిన వానకి బుడమేరు వాగు గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుండటంతో బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు నదిలో కలవలేక వెనక్కి తన్నాయి. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక అన్నీ మునిగాయి. ఆర్మీ వాళ్లు కూడా వచ్చి సాయం చేస్తే ఆఖరి గండి పూడింది వినాయక చవితి నాటికి! అక్కడుండేది ఎవరు? ఆటో నడుపుకునేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు, కుట్టుమిషన్ మీద బతికేవాళ్లు, ఈఎంఐ మీద ఫ్రిజ్ కొనుక్కున్నవాళ్లు. ఆగస్టు నెలాఖరు దాకా మనలాగే ఉతికిన బట్టలు కట్టుకుని పిల్లల్ని బడికి పంపినవాళ్లు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది కదా, ఇంకా మనమెందుకు అంటున్నారు. పరుపు, మిక్సీ, బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదపాలైన ఇంటికి 25 వేలు ఎంతవరకు వస్తాయో ఇల్లు నడిపే మీకు నేను చెప్పాలా? మనం కట్టుకోలేనిది వాళ్లకి ఇవ్వకూడదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

మన తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని చూసి గర్వపడాలి. వాళ్లలో ఒకమ్మాయి పిన్ని వాళ్లది రాజరాజేశ్వరిపేట. ఆ అమ్మాయి పిన్నికి ఫోన్ చేసి ఏం కావాలో నేరుగా అడిగింది. చీరలు చాలానే వచ్చాయట, కావలసినవి నైటీలు, లుంగీలు, కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిల్. ఆ జాబితా బోర్డు మీద రాసి, లంచ్ అవర్‌లో కూర్చుని ప్రతి జతకీ సైజు చీటీ పిన్ను పెట్టింది వాళ్లే, ఏ టీచరూ చెప్పలేదు. ఏడో తరగతి బాబు ఒకడు కొత్త నోట్‌బుక్కులకి అట్టలు వేసి, లేబుల్ మీద పేరు రాయకుండా ఖాళీగా ఉంచి తెచ్చాడు. "ఎవరికి వెళ్తే వాళ్లే రాసుకుంటారు మేడం" అన్నాడు. ఆ బాబు వాళ్లమ్మగారికి నా నమస్కారాలు.

క్వార్టర్లీ పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, సంతకం చేయండి. ఫీజు బకాయిలు ఆఫీసులో మాట్లాడుకోండి. దసరా సెలవుల తేదీలు మెసేజ్ పెడతాం. ప్రేయర్ తొమ్మిదింటికి, తొమ్మిదీ పదికి కాదు.

విజయవాడ వెళ్లే వ్యాన్ 28వ తేదీ శనివారం పొద్దున్నే బయలుదేరుతుంది. పైన రాసినవి శుక్రవారం సాయంత్రంలోగా లైబ్రరీ గదిలో ఇవ్వండి. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి, సైజు చీటీతో పంపండి. మందులు వద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు