హీట్స్‌లో ఓడిపోయినా సరే, వెళ్లిరా

వినుకొండ

చిరంజీవి చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెబుదామంటే నువ్వు "సరేలే అమ్మా" అని తేల్చేస్తావు. కాగితం మీదైతే మధ్యలో కట్ చేయలేవు కదా, అందుకని రాస్తున్నా.

మొన్న నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "ఇంటర్ కాలేజియేట్‌లో సెలెక్ట్ అయినా ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌కు వెళ్లనమ్మా. మెడల్స్ అన్నీ ప్రైవేటు యూనివర్సిటీల వాళ్లే పట్టుకుపోతారు. మనం హీట్స్‌లో, అంటే మొదటి రౌండ్‌లోనే, ఓడిపోయి రావడానికి అన్ని క్లాసులు పోగొట్టుకోవడం ఎందుకు? ఆ టైములో గ్రూప్స్‌కు చదువుకుంటా" అన్నావు. మీ నాన్న వెంటనే "బంగారం లాంటి ఆలోచన" అనేశారు. ఆయనకు నువ్వు పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని భయం. నేనేమీ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నా.

ముందు నువ్వన్నదాంట్లో నిజమెంతో ఒప్పుకుంటా. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలైనప్పుడు పంజాబ్ యూనివర్సిటీ మొదటి స్థానంలో నిలిచింది. 2022లో బెంగళూరులో జైన్ యూనివర్సిటీ, 2024 ఫిబ్రవరిలో ఈశాన్య రాష్ట్రాల్లో జరిగినప్పుడు చండీగఢ్ యూనివర్సిటీ. ఈ రెండూ ప్రైవేటువే. బాగా ఆడే పిల్లల్ని వెతికి పట్టుకుని ఫీజు తీసేసి, హాస్టలూ తిండీ కోచ్ అన్నీ ఇస్తే మెడల్స్ రాక ఏమవుతాయి? అథ్లెటిక్స్‌లో ఏళ్ల తరబడి మంగళూరు యూనివర్సిటీ ముందుంది. అది ప్రభుత్వ యూనివర్సిటీయే, కానీ ఆ మెడల్స్ వెనక కర్ణాటక మూడబిద్రిలోని ఆళ్వాస్ అనే ప్రైవేటు విద్యాసంస్థ ఉంది. పిల్లల్ని దత్తత తీసుకున్నట్టు తీసుకుని పెంచింది. పేరు యూనివర్సిటీది, అన్నం పెట్టింది ఆ కాలేజీ. ఇదంతా పీఈటీగా నాకు నీకంటే ముందే తెలుసు తల్లీ.

నీ టైమింగ్ సంగతీ తెలుసు. మన డిగ్రీ కాలేజీ గ్రౌండులో 400 మీటర్లకు స్టాప్‌వాచ్ మీద నీకు 60 సెకన్లు వచ్చాయి. చేత్తో నొక్కిన టైముకు 400 మీటర్లలో ఇంకో 0.14 కలిపితే గానీ ఎలక్ట్రానిక్ టైముతో పోల్చకూడదు. ఆలిండియాలో మెడల్ కొట్టే అమ్మాయిలు నీకంటే ఆరేడు సెకన్లు ముందుంటారు. వాళ్లు గీత దాటేసరికి నువ్వింకా ఆఖరి స్ట్రెయిట్ మధ్యలో ఉంటావు. నిన్ను నేను మెడల్ తెమ్మని పంపడం లేదు.

ఇక ఆ మూడబిద్రిలోనే జరిగిన ఒక సంగతి చెప్తా. 2020 జనవరిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్ అక్కడే జరిగింది. జ్యోతి యర్రాజీ మన నాగార్జునా యూనివర్సిటీ తరఫునే 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. విశాఖపట్నం పిల్ల, తండ్రి సెక్యూరిటీ గార్డు. స్కూల్లో పీఈటీ ఆ అమ్మాయి పొడుగు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారట. (ఇలాంటివి చదివినప్పుడు మా పీఈటీలకు లోలోపల ఎంత పొంగు వస్తుందో మీకెవరికీ తెలియదు.) అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది, పదిహేడేళ్లకు పైగా ఎవరూ కదపలేదు. జ్యోతి 13.03లో ముగించింది. నువ్వు ఇప్పుడు వద్దంటున్న మీట్‌లోనే, నువ్వు వద్దంటున్న యూనివర్సిటీ బనీను వేసుకునే!

ఆ రికార్డు లెక్కలోకి రాలేదు. డోప్ టెస్టు చేయడానికి నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు అక్కడ లేరు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధీ లేరు. పరుగెత్తిన పిల్ల చేతిలో వీటిలో ఒక్కటైనా ఉంటుందా? 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది. ఈసారి గాలి. సెకనుకు 2 మీటర్ల దాకా వెనక గాలి ఉంటే పర్వాలేదు, ఆ రోజు 2.1 ఉందట. మళ్లీ పోయింది. (నీ 400కు గాలి లెక్క లేదులే, ఒక బాధ తప్పింది.) ఆ మే 10న సైప్రస్‌లో 13.23 పరుగెత్తాకే పుస్తకంలో పేరెక్కింది. నవ్వొచ్చే విషయం ఏంటంటే, పేరెక్కిన ఆ పరుగు మూడబిద్రి పరుగు కంటే నెమ్మది.

తర్వాతది నీకు తెలిసిందే, బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం, హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో వెండి, పారిస్ ఒలింపిక్స్. నాకు మాత్రం వాటన్నిటికంటే 2023 చెంగ్డూ గుర్తుంటుంది. అది ప్రపంచ యూనివర్సిటీ క్రీడలు, అంటే విద్యార్థుల ఒలింపిక్స్ అనుకో. అక్కడ 12.78లో పరుగెత్తి కంచు తెచ్చింది, మళ్లీ జాతీయ రికార్డు. విద్యార్థుల పోటీలంటే చిన్నచూపు చూసేవాళ్లకు ఆ అంకె చూపిస్తే చాలు.

నువ్వు జ్యోతివి కావాలని ఇది రాయడం లేదు. ఒక్కసారి వేరేగా ఆలోచించు. ఆ రోజు మూడబిద్రిలో పక్క లేన్లలో ఇంకా ఏడుగురు అమ్మాయిలు ఉండి ఉంటారు కదా. వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు. హీట్స్‌లోనే పోయినవాళ్లు ఇంకెందరో. కానీ ఆ పరుగును టీవీలో కాదు, పక్కనుంచి చూశారు. స్టార్ట్‌కు ముందు ఎలా వార్మప్ చేసింది, మొదటి హర్డిల్ దాకా ఎన్ని అడుగులు వేసింది, ముగిశాక ఎలా ఊపిరి తీసుకుంది, అన్నీ కళ్లారా చూశారు. ఆ చూపు కోసమే నిన్ను వెళ్లమంటున్నా.

నా సంగతి చెప్తా, నవ్వకు. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు నేను నాగార్జునా యూనివర్సిటీ ఖోఖో జట్టులో ఉన్నా. అప్పుడు కృష్ణా జిల్లా కూడా మన యూనివర్సిటీ కిందే ఉండేది, 2008లో కృష్ణా యూనివర్సిటీ వచ్చాక విడిపోయింది. సెలెక్షన్లకు బెజవాడ కాలేజీల అమ్మాయిలు ట్రాక్‌సూట్లు వేసుకుని వచ్చేవాళ్లు. మేం చుడీదార్ల మీద వెళ్లి, బస్టాండు బాత్రూములో మార్చుకుని గ్రౌండుకు పరుగెత్తేవాళ్లం. వాళ్లను చూస్తే సగం ధైర్యం అక్కడే పోయేది. తీరా ఆట మొదలయ్యాక చూస్తే పల్నాడు పిల్లలం గట్టిగానే పరుగెత్తాం.

సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు తమిళనాడు వైపు వెళ్లాం. రిజర్వేషన్ దొరకలేదు, జనరల్ బోగీలో బ్యాగుల మీద కూర్చుని పోయాం. అక్కడ క్లాస్‌రూముల్లో బెంచీలు పక్కకు తోసి, చాపలు వేసి పడుకోబెట్టారు. పొద్దున సాంబారన్నం, మధ్యాహ్నం సాంబారన్నం. మా కెప్టెన్ ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా రెండో పూటకే ఖాళీ. మొదటి మ్యాచే కర్ణాటక జట్టుతో పడింది. చిత్తుగా ఓడిపోయాం, అంత దూరం వెళ్లింది ఆ ఒక్క ఆటకే. తిరుగు రైలుకు ఇంకా టైముంది కాబట్టి మిగతా మ్యాచ్‌లన్నీ కూర్చుని చూశాం. ఆ కర్ణాటక అమ్మాయిలు పోల్ దగ్గర ఒక చేత్తో పట్టుకుని గాల్లోకి ఒళ్లు పరిచి డైవ్ చేస్తుంటే మేం నోరు తెరుచుకుని ఉండిపోయాం. మాకు అలా ఎవరూ నేర్పలేదు, అలాంటిదొకటి ఉందనే తెలియదు. వాళ్లలో ఒకమ్మాయి దగ్గరకెళ్లి, భాష రాకపోయినా చేతులతో అడిగితే, ఖాళీ కోర్టులో నాకు చూపించింది. మోచేతులు రెండూ కొట్టుకుపోయాయి. ఇవాళ మా జడ్పీ హైస్కూలు పిల్లలు మండల స్థాయిలో పోల్ డైవ్ చేస్తుంటే మిగతా స్కూళ్ల మాస్టార్లు "మేడమ్, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడుగుతారు.

గుంటూరులో 1967లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ వచ్చేదాకా, మన వైపు పిల్లలకు పీజీ అంటే వాల్తేరు ప్రయాణమే. మీ తాతయ్య ఆ ఖర్చు భరించలేకే డిగ్రీతో ఆపేశారు. 1976 సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ వచ్చి నాగార్జునా యూనివర్సిటీని ప్రారంభించారు. పేరు ముందు ఆచార్య అన్నది 2004లో చేరింది. అలాంటి చోట మన ఇంట్లోంచి పీజీ చేస్తున్నది నువ్వే మొదలు. హైవే మీద గేటు దగ్గర బస్సు దిగితే చాలు క్యాంపస్. నీకు ఇప్పుడు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ కూడా లేదు, ఆధార్ చూపిస్తే సరి. ఆదివారం ఇంటికి రాలేనని సాకులు చెప్పకు.

క్యాంపస్‌లో నువ్వు హాస్టల్, లైబ్రరీ, మెస్ మధ్యే తిరుగుతున్నావని నీ ఫ్రెండ్ చెప్పింది. గ్రూప్స్ పుస్తకాలు ఎక్కడికీ పోవు. పొద్దున్న అయిదున్నరకు గ్రౌండుకు వెళ్తే ఏడున్నరకు వచ్చి స్నానం చేసి క్లాసుకు కూర్చోవచ్చు. అక్కడ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ పిల్లలుంటారు, వాళ్లతో కలిసిపో. ఒక్కదానివే పరుగెత్తితే రెండు రౌండ్లకే విసుగొస్తుంది. వాన పడిన మర్నాడు మాత్రం నల్లమట్టి మీద స్పైక్స్ వేయకు, బూటు కింద అర కిలో బంక అంటుకుని చీలమండ మడతపడుతుంది. డైక్‌మన్ ఆడిటోరియంలో కల్చరల్స్ ఉన్న రోజు ప్రాక్టీస్ మానేసినా నేనేమీ అనను. ఆ వయసులో అవీ కావాలి.

ఇంకో మాట, ఇది మీ నాన్నకు కూడా చదివి వినిపించా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు ఇంటర్ యూనివర్సిటీలో ఆడినవాళ్లకు యూనివర్సిటీ ఇచ్చేది ఫారం-3. యూనివర్సిటీకి ప్రాతినిధ్యం వహిస్తే ఇస్తారు. మెడల్ ఉంటే విలువ ఎక్కువ, అది వేరే సంగతి. ఆ కాగితం మీద సంతకం, సీల్, తేదీ, ఈవెంట్ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకో. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది, దాన్ని దిద్దించుకోలేక ఒక ఉద్యోగం పోగొట్టుకుంది. క్లాసులు పోతాయని నీ టెన్షన్ కదా, వెళ్లేముందే ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ తీసుకుని డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేయ్. వచ్చాక ఇస్తానంటే ఎవరూ వినరు. ఇంటర్ యూనివర్సిటీకి వయసు 17 నుంచి 25 వరకే. గ్రూప్స్ నోటిఫికేషన్ నీకు ముప్ఫై ఏళ్లప్పుడూ వస్తుంది, ఈ మీట్ రాదు.

400 సంగతి అలా ఉంచు, నిన్ను 4×400 రిలేకు అడుగుతారని నా అంచనా. నీకు మూడో లెగ్, అంటే మూడోదానిగా పరుగెత్తడం, సరిపోతుంది. బ్యాటన్ తీసుకునేటప్పుడు నువ్వు వెనక్కి చూస్తూ పరుగు మర్చిపోతావు, ఆ అలవాటు స్కూలు నుంచీ ఉంది. చూడు, తీసుకో, వెంటనే ముందుకు తిరుగు. దీన్ని పరుగెత్తకుండా నడుస్తూ రోజూ ఎవరితోనైనా ప్రాక్టీస్ చెయ్, కారిడార్‌లో నోట్‌బుక్ చుట్టి పట్టుకున్నా చాలు.

నెలసరి అప్పుడు కళ్లు తిరుగుతున్నాయని దాచిపెట్టావు, నాకు తెలిసింది. క్యాంపస్‌లో డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించుకో, ఐరన్ మాత్రలు ఆమె చెప్పినట్టే వేసుకో, టీతో మాత్రం మింగకు. మెస్‌లో గుడ్డు ఇచ్చిన రోజు వదలకు. పల్చటి పప్పు అని ముఖం చిట్లించకుండా రెండుసార్లు వేయించుకో.

పార్శిల్ పంపుతున్నా. పాత స్పైక్స్‌కు కొత్త పిన్నులు వేయించా, నువ్వుల ఉండలు ఒక డబ్బా, గోంగూర ఒక సీసా. ఉండలు రూంలో అందరికీ పెట్టు, పచ్చడి దాచుకో. మీ నాన్న ఎంట్రీ ఫీజుకీ దారి ఖర్చుకీ అని ఫోన్‌పే చేస్తానన్నారు. ఆయనే అడిగారు, నేను చెప్పలేదు. సెలెక్షన్ తేదీ తెలియగానే మెసేజ్ పెట్టు. సెలవు పెట్టి నేను కూడా వస్తా, స్టాప్‌వాచ్ నాదే తెస్తా.

ఇట్లు,
మీ అమ్మ