ఆనింగ్ మీద చెరువు

ఒరేయ్ సూరీ,

నీ మెయిల్ వచ్చి ఎన్నాళ్ళయిందో చూసుకుంటే నాకే మొహం చెల్లలేదు. తిట్టాలనిపిస్తే తిట్టు. కాకపోతే మన వార్డెన్‌కి పెట్టిన పేరుతో మాత్రం తిట్టకు, ఆ పేరు ఇప్పుడు మా పెద్దమ్మాయికి కూడా తెలిసిపోయింది. ఎవరి పుణ్యమో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఫర్వాలేదు, మెట్లెక్కుతోంది. పెద్దది డ్రైవింగ్ నేర్చుకుంటోంది, నాకు బీపీ పెరుగుతోంది. ఆఫీసులో మళ్ళీ జనాన్ని తీసేస్తారని గుసగుసలు. మీ తమ్ముడి పెళ్ళికి టికెట్ల సంగతి విడిగా రాస్తా. క్షేమ సమాచారాలు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతికి వస్తా, ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు. ఇంట్లో చెబుదామంటే అందరూ అక్కడే ఉన్నారు, పైగా సగంమంది ఇంకా ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడం లేదు.

మా తోడల్లుడు గుర్తున్నాడుగా? "లెక్క ప్రకారం" అన్నయ్య. మా పెళ్ళికి విడిదింట్లో నీ చేత బల్లలు కొలిపించాడు చూడు, ఆయనే. ఈ వేసవిలో ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లన్నమాట. వంటగట్టు, మంచాలు, వంగి దూరాల్సిన బాత్రూం, అన్నీ ఉన్నాయి. దానికి పక్కన ఆనింగ్ అని ఒక గుడ్డ పందిరి. మామూలప్పుడు గోడ పైన చుట్టచుట్టుకుని ఉంటుంది, స్విచ్ నొక్కితే గుర్రుమంటూ బయటికి వస్తుంది. పదహారడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక అంచు ట్రైలర్ గోడకి, రెండో అంచు ఒక పొడుగాటి పైపుకి. ఆ పైపుని రెండు చివర్లా రెండు లోహపు చేతులు మోస్తాయి. మధ్యలో మోసే నాథుడు లేడు. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

అత్తయ్యగారు, మావయ్యగారు అమలాపురం నుంచి వచ్చి ఉన్నారు కదా, వాళ్ళకి పసిఫిక్ సముద్రం చూపించాలని అన్నయ్య పట్టు. అక్టోబరులో సియాటిల్ నుంచి పడమటి ఒడ్డుకి పోతే ఏం కనిపిస్తుందిరా, వాన తప్ప! ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో క్లేలాక్ అని, సముద్రం ఒడ్డున గట్టు మీద క్యాంపు స్థలం. దానికి కాస్త ఎగువన హో రెయిన్ ఫారెస్ట్ ఉంది. అక్కడ ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన, అంటే 3,500 మిల్లీమీటర్ల పైమాట. మన కాకినాడలో ఏడాది పొడుగునా పడేదానికి దాదాపు మూడింతలు. ఈ అంకెలు నాకు చెప్పింది కూడా అన్నయ్యే. చెప్పి మరీ తీసుకెళ్ళాడు.

వెళ్ళగానే ట్రైలర్‌ని సమంగా నిలబెట్టే కార్యక్రమం. ఇందులో మాత్రం ఆయన తప్పేం లేదు. ఆ ట్రైలర్‌లో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంట వేడికి లోపల అమ్మోనియా దానంతట అది తిరగాలి, బండి ఒక పక్కకి ఒరిగితే తిరగదు, ఫ్రిజ్ పాడవుతుంది. అందుకని చక్రాల కింద చెక్కలు పెట్టి, మట్టం గొట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా మా అందరినీ వానలో నిలబెట్టాడు. సరే. కానీ అక్కడితో ఆగాడా? ఆనింగ్ చాపి, ఆ పైపు మీద కూడా మట్టం పెట్టాడు! రెండు చేతులకీ ఎత్తు సరిచేసుకునే నల్ల నాబ్‌లుంటాయి, వాటిని అటూ ఇటూ తిప్పి, బుడగని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు. డ్రాయింగ్ క్లాసులో నీ మినీడ్రాఫ్టర్ రోజులు గుర్తొచ్చాయి నాకు.

మావయ్యగారు అప్పుడే అన్నారు. "అల్లుడుగారూ, ఒక మూల కూసింత దించండి. నీళ్ళు పోడానికి వాలుండాలి కదండీ."

"ఇది వినైల్ ప్లాస్టిక్ మావయ్యగారూ, చుక్క పీల్చదు" అన్నాడు అన్నయ్య.

పీల్చదు కాబట్టే కదరా నిలుస్తుంది! పైకి అనలేదనుకో, తోడల్లుడు, పైగా పెద్దాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన పెరిగింది. అందరం లోపల పేకాట. సాయంత్రం అత్తయ్యగారు పెసరట్లు వేస్తానన్నారు. లోపల పొగ అలారం గోలెడుతుందని పొయ్యి తెచ్చి ఆనింగ్ కింద బల్ల మీద పెట్టాం. నేను అల్లం తరుగుతూ తలెత్తి చూద్దును కదా, గుడ్డకి బొజ్జ వచ్చింది. సరిగ్గా మా తల మీద. వినైల్ పల్చటిది కాబట్టి కింద నుంచి లోపలి నీళ్ళు నీడగా తెలుస్తున్నాయి. ఆ నీళ్ళలో చెట్ల సూదులాకులు గుంపుగా ఒకచోట తేలుతూ, చినుకు పడ్డప్పుడల్లా చెదిరి మళ్ళీ ఒకచోట చేరుతున్నాయి. పైపు నడుం దగ్గర కొంచెం వంగింది. అప్పుడప్పుడూ కిర్రుమని ఒక చప్పుడు.

ఇది ఎలా జరుగుతుందంటే, కాసిని నీళ్ళు నిలవగానే ఆ బరువుకి గుడ్డ సాగుతుంది. సాగితే గుంట లోతవుతుంది. లోతైతే ఇంకా నీళ్ళు పడతాయి. ఇక దానికి అంతం లేదు. ట్రైలర్ కప్పు మీద నీళ్ళు కూడా అంచు కాలువ నిండి పొర్లితే వచ్చేది ఈ గుడ్డ మీదికే.

నేను "అన్నయ్యా" అని పిలిచే లోపల మావయ్యగారు లేచారు. ఆయన ఎన్ని పెళ్ళిళ్ళు చేయించిన మనిషి! షామియానా మీద నీళ్ళు నిలిస్తే కర్రతో కింద నుంచి పొడవడం ఆయనకి అలవాటైన పని. లోపలికెళ్ళి చీపురు తెచ్చారు, పొడుగు కర్ర చీపురు. అత్తయ్యగారు "ఉండండీ" అంటూనే ఉన్నారు, ఈయన బొజ్జ మధ్యలో పెట్టి ఒక్క ఎత్తు ఎత్తారు.

ఒరేయ్ సూరీ. ఆ శబ్దం నేను రాయలేను.

ముందు అంచు మీంచి, పైపు పొడుగునా, ఒక్కసారిగా దిగింది. పొయ్యి ఆరిపోయింది. పెసరట్టు పిండి గిన్నె నిండి పొర్లింది, నేను తరిగిన అల్లం కాలువలో కొట్టుకుపోతూ కనిపించింది. వదిన కొత్త బూట్లు. మా చిన్నది కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే తడిసి, ఏడవాలా నవ్వాలా తేల్చుకోలేక నోరు తెరిచి ఉండిపోయింది. ఇంత జరిగినా బొజ్జలో సగం నీళ్ళు అలాగే ఉన్నాయి! మావయ్యగారు మళ్ళీ చీపురెత్తారు, అన్నయ్య చుట్టేద్దామని స్విచ్ దగ్గరికి పరిగెత్తాడు.

అప్పుడు పక్క సైటు నుంచి ఒక కేక. డెబ్బై దాటిన అమెరికన్ ఆవిడ, పసుపు రెయిన్‌కోటు, వెనక ఒక ముసలి కుక్క. ఒంటరిగా చిన్న ట్రైలర్ వేసుకుని తిరుగుతోంది. ఆవిడ ఆనింగ్ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటే మధ్యాహ్నమే చూసి "పాపం, సరిగ్గా పెట్టుకోవడం రాదు" అన్నాడు మా అన్నయ్య. అది కూడా రాసుకో.

వస్తూనే ఆవిడ మావయ్యగారి చేతిలో చీపురు పట్టుకుని కిందికి దించింది. తర్వాత అన్నయ్యని స్విచ్ ముట్టుకోవద్దంది. నీళ్ళున్న గుడ్డని మోటారుతో చుట్టిస్తే లోపలి పళ్ళచక్రాలు అరిగిపోతాయట, లేదా పైపు నడుం దగ్గర వంగిపోతుందట. ఒకసారి వంగిందా, ఇక జన్మలో తిన్నగా చుట్టుకోదు. కింద నుంచి పొడిస్తే బరువంతా ఆ కర్ర కొస మీదే, పాత వినైల్ అయితే అక్కడే చిరుగుతుంది. ఈ మాటలన్నీ ఆవిడ చెప్పినవే, కోప్పడకుండా, కాస్త విసుగ్గా.

ఇక ఎడమ కొస కింద అన్నయ్యని నిలబెట్టి పైపుని భుజం మీద ఆనించుకోమంది. తలుపు కుడి పక్కనుంది కాబట్టి ఎడమ వైపే దించాలట, లేకపోతే తలుపు తెరిచినప్పుడల్లా పైఅంచు గుడ్డకి రాసుకుంటుంది. అటు నేల కూడా పల్లం. ఆవిడ ఆ చేతికున్న నల్ల నాబ్‌ని కొంచెం వదులు చేసింది, ఆగింది, అన్నయ్య మోకాళ్ళు కొంచెం వంచాడు, మళ్ళీ కొంచెం వదిలింది. నేను కింద నుంచి చూస్తున్నాను. బొజ్జలో ఆ సూదులాకుల గుంపు మెల్లగా కదిలింది. ఎడమ వైపు జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. తర్వాత మూల నుంచి ధార మొదలైంది. సరిగ్గా "లెక్క ప్రకారం" గారి కాలర్‌లోకి.

కదలడానికి లేదు! కదిలితే పైపు జారుతుంది. ఆయన అలాగే నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని. నేను ఫొటో తీశాను. నీకు పంపను, అడగొద్దు. (విడిగా పంపుతా.)

నీళ్ళన్నీ పోయాక ఆవిడ ఆనింగ్‌ని కాస్త లోపలికి చుట్టించింది, సాగిన గుడ్డ బిగిసింది. మొత్తం చాపాలని ఎవరన్నారు, వానలో సగం చాలు అంది. ఆ తర్వాత తన ట్రైలర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. దిగిన మూలకి ఒక తాడు కట్టి వేలాడదీసింది. నీళ్ళు ఎగిరిపడకుండా ఆ తాడు పట్టుకుని చప్పుడు లేకుండా జారి బకెట్‌లోకి దిగుతున్నాయి. ఆ నీళ్ళతో ఆవిడ బూట్ల బురద కడుక్కుంటుంది, కుక్క కాళ్ళు కూడా. నాకైతే ఆ క్యాంపు మొత్తం మీద చూడదగ్గది అదొక్కటే అనిపించింది, సముద్రంతో సహా.

అన్నయ్య తల తుడుచుకుని కాగితం తీశాడు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. మా ఆనింగ్ సుమారు 12 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్లు కురిస్తే 300 లీటర్లు, అంటే 300 కిలోలు. అంతా నిలవదనుకో, మూడో వంతు నిలిచినా నూరు కిలోలు రెండు సన్నటి చేతుల మీద. కొత్తవాటిలో కొన్నింటికి బరువు పడగానే చెయ్యి దానంతట అదే దిగి నీళ్ళు వదిలే ఏర్పాటు ఉంటుందట, ఈ పాతదానికి లేదు. అంతా లెక్కేసి, గీత గీసి, "మట్టంగా పెట్టకూడదు" అన్నాడు, తనే కనిపెట్టినట్టు. మావయ్యగారు నోరెత్తలేదు. చీపురు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఆ రాత్రి ఒకటి జరిగిందిరా. ఆనింగ్‌ని అలా వాలుగా ఉంచేసి పడుకుందాం, కుర్చీలు తడవకుండా ఉంటాయి అన్నాడు అన్నయ్య. వాన ఒక్కటే అయితే ఉండనిచ్చేవాళ్ళమేమో. చీకటి పడ్డాక సముద్రం మీంచి గాలి మొదలైంది, గుడ్డ కింద దూరి ఎత్తి ఎత్తి కొడుతోంది. మావయ్యగారు లేచి కూర్చున్నారు. "తీసెయ్యండి. గాలి కింద నుంచి పట్టిందంటే ఏదీ ఆగదు" అన్నారు. ఆ గొంతు వేరేగా ఉంది. 1996 నవంబరు తుఫాను రాత్రి వాళ్ళింటి పెంకులు అలాగే లేచిపోయాయట. ఆ రాత్రి పక్కింటి... సరే, అది ఇప్పుడు రాయలేను. మనం అప్పుడు ఇంటర్, గుర్తుందిగా, తెల్లారి సైకిళ్ళేసుకుని మీ మావయ్య వాళ్ళ ఊరు వెళ్ళాం. నువ్వు దార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడైనా దాని గురించి మాట్లాడుకోవాలిరా మనం.

అన్నయ్యా నేనూ బయటికెళ్ళి, మూల నుంచి మిగిలిన నీళ్ళు పోనిచ్చి, రెండు చేతులూ మళ్ళీ ఒకే ఎత్తుకి తెచ్చి చుట్టేశాం. ఈసారి మట్టం గొట్టం అడగలేదు అన్నయ్య.

మర్నాడు పొద్దున్న అత్తయ్యగారు ఆ అమెరికన్ ఆవిడకి ఫిల్టర్ కాఫీ ఇచ్చి వచ్చారు. మావయ్యగారు కూడా వెళ్ళి, తెలుగులోనే ఆవిడతో చాలాసేపు మాట్లాడారు. ఆవిడ ఇంగ్లీషులోనే జవాబులిచ్చింది. ఇద్దరూ ఆ తాడు మూల చూపించుకుంటూ తలలూపుకున్నారు. ఏం అర్థమైందని అడిగితే "ఆయ్, అన్నీ" అన్నారు.

ఇప్పుడు మిగిలిన తంటా ఏంటంటే, తడి గుడ్డని చుట్టి వదిలేస్తే బూజు పడుతుంది. వినైల్ మీద నల్లటి చుక్కలు వస్తే ఓ పట్టాన పోవు. ఇంటికి రాగానే విప్పి, రెండు వైపులా తుడిచి ఆరబెట్టాలి. మా కాలనీలో ఇళ్ళ ముందు ట్రైలర్ పెట్టనివ్వరు, అన్నయ్య దాన్ని ఊరి బయట యార్డులో అద్దెకి పెట్టుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఎండ లేదు. ఆయన రోజూ వాతావరణం చూసి నాకు మెసేజ్ పెడతాడు, "రేపు వాన 40 శాతం" అని. వదిన ఇంకా బూట్ల గురించి మాట్లాడుతూనే ఉంది. మావయ్యగారేమో ఆ చీపురుని వాళ్ళ గరాజ్‌లో గోడకి తగిలించుకున్నారు, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు, ఎందుకో

ఫోనొచ్చింది. అన్నయ్యే. యార్డు దగ్గర ఎండ కాస్తోందట, గంటో రెండు గంటలో ఉంటుందట, పాత తువ్వాళ్ళు ఎన్నుంటే అన్ని తెమ్మంటున్నాడు, కింద కారులోనే ఉన్నాడు, హారన్ కొడుతున్నాడు. టికెట్ల సంగతి, మీ నాన్నగారి కంటి ఆపరేషన్ సంగతి రేపు

నీ
నానిగాడు