పడవ ఏ నీటికో చూసి కొనాలి

అయ్యా,

2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండ చుట్టూనే తిరిగే మన ఆలోచనల్లోకి ఆ ఊళ్ల పక్కనున్న పులికాట్ సరస్సు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. పర్యాటకుల కోసమో, మత్స్యకారులకు సబ్సిడీ మీదనో చిన్న పడవలు కొనే మాట వస్తే చర్చ ధర దగ్గరే ఆగిపోతుంది. ఆ పడవను దేనితో చేశారు, అది ఏ నీటిలో తిరగాలి అన్నది కూడా టెండరులో రాయాలని నా మనవి.

పులికాట్‌లో చాలాచోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. ఎండాకాలం వస్తే అదీ తగ్గిపోతుంది. పడవ నీటి మీద తేలడంతో పాటు ఇసుక మీద, గుల్లల మీద ఈడ్పులు కూడా పడాల్సిందే. అలా వాడిన పాత ఫైబర్ పడవను, అంటే గాజు పీచును రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికి చేసిన పడవను, ఒడ్డున బోర్లించినప్పుడు అడుగు వైపు పరిశీలించండి. జెల్‌కోట్ అనే నున్నటి పైపూత అరిగి, లోపలి గాజు పీచు తెల్లగా బయటపడి ఉంటుంది. చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. నీరు పొరల్లోకి దిగేది అక్కడి నుంచే.

అచ్చులో చేసిన ప్లాస్టిక్ పడవకు ఈ బాధ తక్కువ. మిద్దెల మీద పెట్టుకునే నీళ్ల ట్యాంకులను చేసే పద్ధతే దీనికీ: పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ తిప్పుతారు. రాయి తగిలితే సొట్ట పడుతుందేమో కానీ అంత తేలిగ్గా పగలదు. పైగా పాలిథిలీన్ నీటికన్నా తేలిక. ఫైబర్ నీటికన్నా బరువు కనుక, లోపల గాలి అరలు గానీ ఫోమ్ గానీ లేకపోతే నీరు నిండిన పడవ అడుగుకు పోతుంది. జనాన్ని ఎక్కించుకునే పడవలో ఇది చిన్న విషయం కాదు.

అయితే ప్లాస్టిక్ పడవలే కొనమని నేను అనడం లేదు. మన ఎండల సంగతి తెలిసిందే. ఎండను తట్టుకునే మందు కలపని ప్లాస్టిక్ పెళుసెక్కి చీలుతుంది. చీలికకు మామూలు జిగురు పట్టదు. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని వేడి గాలితో కరిగించి అతకాలి. ఆ పనివాడు పల్లెలో దొరుకుతాడా? ఫైబర్ పడవకైతే రెసిన్, గాజు పీచు మ్యాట్ ఉంటే చేయి తిరిగినవాళ్లు ఒడ్డునే అతుకు వేస్తారు. ఇంజను అదురుకు వంగని బిగువు కూడా ఫైబర్‌కే ఎక్కువ. సరస్సులోని ఇరకం దీవికి మనుషులను దాటించే మోటారు పడవకు నా ఓటు ఫైబర్‌కే. తెడ్డుతో, గడతో నడిపే చిన్న పడవలకు, చెరువుల్లో పెడల్ పడవలకు ప్లాస్టిక్ చాలు.

ఇంకొకటి. పాలిథిలీన్‌ను కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. ఫైబర్‌ను అలా కరిగించలేం. పాడైన ఫైబర్ పడవను ఒడ్డు నుంచి తీసుకువెళ్లే బాధ్యత అమ్మినవారిదా, కొన్న శాఖదా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తేల్చాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి