‘చంపావతి’ ఈ దసరాకి రావడం లేదు

అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న వాళ్ళకీ, మా దగ్గర పాత రైఫిళ్ళు కొని ఏటా సర్వీసింగుకి తెచ్చుకునే వాళ్ళకీ నమస్కారం.

సిరిమానోత్సవం లోపు మీ చేతిలో పెడతానన్న 50 మీటర్ల ఎయిర్ రైఫిలు ‘చంపావతి’ ఈ దసరాకి రావడం లేదు. సంక్రాంతికి వస్తుందని కూడా ఇప్పుడు మాటివ్వను. పోలీసులు ఆపేశారట అని ఒకరు, డబ్బులైపోయి షెడ్డు మూసేస్తున్నాడట అని ఇంకొకరు విజయనగరం గంటస్తంభం దగ్గర మాట్లాడుకుంటున్నారని మా కుర్రాళ్ళు చెప్పారు. రెండూ కాదు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, షెడ్డు రోజూ తీస్తున్నాం. రైఫిలు మొత్తం తయారుగా ఉంది, బ్యారెల్ తప్ప. బ్యారెల్ లేని రైఫిలు ఎందుకూ పనికిరాదు కాబట్టి ఆ కథే చెప్తాను.

ఈ మధ్యే మా దగ్గరికి వస్తున్న వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇన్నాళ్ళూ మేం చేసింది 10 మీటర్ల సాధన రైఫిళ్ళు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ దూరంలోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అందులో చెయ్యి తిరిగిన పిల్లలూ, ఆదివారం సరదాగా కాల్చే పెద్దలూ ఆరుబయట 25 మీటర్లకీ 50 మీటర్లకీ బల్ల మీద ఆనించి కాల్చే రైఫిలు అడగడం మొదలుపెట్టారు. బయటి దేశాల సరుకు ధర విని నోరు మూసుకుని వెనక్కి తిరిగొచ్చిన వాళ్ళే అందరూ. అందుకని మనమే చేద్దామనుకున్నాం. గాలి లేని పొద్దున్న 50 మీటర్లలో అయిదు గుళ్ళు అయిదు రూపాయల బిళ్ళ కింద కప్పబడిపోవాలి. నేనిచ్చిన మాట అదే, దాని మీదే మీరు డబ్బు కట్టారు.

50 మీటర్లంటే పది మీటర్లకి అయిదింతలే కదా అనుకుంటారు చాలామంది. గుండు అలా లెక్క కట్టుకోదు. మన 4.5 మిల్లీమీటర్ల సీసం గుండు అర గ్రాము పైచిలుకు ఉంటుంది. సెకనుకి 260 మీటర్ల వేగంతో బయల్దేరితే 50 మీటర్లు చేరేసరికి భూమి దాన్ని ఇరవై సెంటీమీటర్లకి పైగా కిందికి లాగేస్తుంది. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల పక్కగాలి, అంటే భీమిలి వైపు నుంచి మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలిలో చాలా మెత్తనిది, దాన్ని నాలుగైదు సెంటీమీటర్లు పక్కకి తోసేస్తుంది. ఒక గుండుకీ ఇంకో గుండుకీ వేగంలో సెకనుకి 5 మీటర్ల తేడా వస్తే 50 మీటర్ల దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తు తేడా వస్తుంది. పది మీటర్ల దగ్గర అదే తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. పది మీటర్లలో రైఫిలు ఎన్ని దోషాలనైనా దాచుకోగలదు. 50లో ఏదీ దాగదు.

వేగం తేడా రాకుండా చూసేది రెగ్యులేటరు. గాలి నింపిన సిలిండర్లో ప్రెషరు తగ్గుతూ పోయినా ప్రతి గుండుకీ ఒకే ప్రెషరు అందిస్తుంది. దాని మీద మా షెడ్డులో చాలా చెమట కారింది, ఇప్పుడు బాగుంది. స్టాకుకి, అంటే భుజానికి ఆనించే చెక్క భాగానికి, బొబ్బిలి నుంచి పనస కర్ర తెప్పించాం. బొబ్బిలి వీణ చెక్కేది ఆ కర్రతోనే. బాగా ఆరబెడితే తేలిగ్గా ఉంటుంది, మన ఉప్పు గాలికి వంకర పోదు. లేత పసుపు మీద నూనె పట్టించాక వచ్చే రంగు చూసి మీలో కొందరు ఫొటోలు కూడా తీసుకున్నారు. ట్రిగ్గరు గురించి చెప్పడానికేం లేదు, పాతదే.

ఇక బ్యారెల్. గుండుని తిప్పుతూ పంపే గాడులు లోపల గీసే యంత్రం మా స్థాయికి లేదు. బ్యారెళ్ళు మొదటి నుంచీ బయట కొంటున్నవే. ఈసారి పక్క రాష్ట్రంలో ఒక యూనిట్‌కి ఇచ్చాను. పేరు రాయను. రాస్తే నాకేదో లాభం ఉన్నట్టుంటుంది. వాళ్ళ శాంపిళ్ళు వచ్చినప్పుడు నేనూ మా లేతు మేస్త్రీ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. అంత బాగున్నాయి. మీలో కొందరు షెడ్డు వెనక కాల్చి చూసి, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చింది ఆ శాంపిలు బ్యారెల్ మీదే.

అసలు సరుకు వచ్చింది. మేం బ్యారెల్ని బిగించే ముందు ఒక పరీక్ష చేస్తాం. వెనక నుంచి గుండు పెట్టి ఇత్తడి కడ్డీతో మెల్లగా నెడతాం. మంచి బ్యారెల్‌లో మొదటి నుంచీ ఒకటే బిగువు తెలుస్తుంది, మూతి దగ్గర చివరి అంగుళం రెండంగుళాల్లో ఇంకాస్త బిగుస్తుంది. ఆ చివరి బిగువే చోక్. గుండు బయటపడే ముందు దాన్ని సరిగ్గా నిలబెట్టి పంపేది అది. మేస్త్రీ మొదటి బ్యారెల్ వైసులో పెట్టి కడ్డీ నెట్టాడు. సగం దూరం పోయాక అతని చెయ్యి తటాలున ముందుకి జారింది. ఇంకోటి పెట్టాడు, అక్కడే జారింది. “బాబూ, నడాన వదులైపోతంది సూడండి, ఇది మనకొచ్చిన శాంపిలు కాదు” అన్నాడు. బయటికి వచ్చిన గుండుని తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంలో చూశాను. ఒక వైపు గాడుల గీతలు లోతుగా పడ్డాయి, రెండో వైపు గోటితో గీసినట్టున్నాయి. అయినా కాల్చి చూడకుండా మాట అనకూడదని బిగించి కాల్చాం. పది మీటర్లలో అన్నీ ఒకే చిల్లు. 50లో అయిదు గుళ్ళు ఏడెనిమిది సెంటీమీటర్ల మేర చెల్లాచెదురు. శాంపిలుతో కాల్చిన అదే పొద్దున్న వేళ, అదే గుళ్ళు, అదే చెయ్యి.

ఎందుకిలా అయిందో మేస్త్రీకి చూడగానే అర్థమైంది, నాకు కొంచెం ఆలస్యంగా ఎక్కింది. బటన్ అనే గట్టి పనిముట్టుని బోరులో, అంటే బ్యారెల్ లోపలి రంధ్రంలో, లాగి గాడులు నొక్కే పద్ధతిలో ఉక్కు లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. ఆ తర్వాత బ్యారెల్ని కొలిమిలో లెక్క ప్రకారం వేడి చేసి ఆ ఒత్తిడి తీసెయ్యాలి. తియ్యకుండా పైభాగం లేతు మీద సన్నం చేస్తే, లోపల ఒత్తిడి దారి వెతుక్కుని బోరు అక్కడ వదులవుతుంది. మన డిజైన్‌లో బరువు తగ్గడానికి బ్యారెల్ నడిమి భాగం సన్నం. వదులైంది సరిగ్గా అక్కడే. శాంపిళ్ళకి కొలిమి పెట్టి, సరుకుకి కొలిమి మానేశారు. కరెంటు బిల్లు మిగిలింది వాళ్ళకి.

ఫోన్ చేశాను. శాంపిళ్ళప్పుడు “తమ్ముడూ, నీ రైఫిలు నా రైఫిలు” అన్న మనిషి, సరుకు తిప్పి పంపుతానన్న రోజు నుంచి నన్ను “సార్” అంటున్నాడు. దానికీ ఏమనుకోలేదు, వ్యాపారంలో అందరూ అన్నదమ్ములు కారు. కానీ చివరికి ఒక మాట అన్నాడు: “పది మీటర్లకి తేడా ఏం తెలీదు కదా సార్. విజయనగరంలో 50 మీటర్లు పెట్టి కొలిచేదెవరు?”

ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టేశాను. ఈ జిల్లాలో కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది. గురి అంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. కొలిచేదెవరంటే, నేను కొలుస్తాను. మా మేస్త్రీ కొలుస్తాడు. అడ్వాన్సు కట్టిన మీరు టేపు పట్టుకుని వచ్చి మరీ కొలుస్తారు, మీ సంగతి నాకు తెలుసు.

తర్వాతి మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. మా లెక్కలు చూసే కుర్రాడు చాలా తెలివైన సలహా ఇచ్చాడు. “వీటిని ‘చంపావతి’ అని అమ్మొద్దండి. వేరే పేరు పెట్టి, 10 మీటర్ల రైఫిలని చెప్పి, ధర తగ్గించి ఇచ్చేద్దాం. అబద్ధం ఏముంది ఇందులో?” అబద్ధం ఏమీ లేదు, నిజమే. పది మీటర్లలో ఒకే చిల్లు పడింది కదా. సిలిండర్లు కొన్నాం, కర్ర చెక్కించాం, పనివాళ్ళకి వారం వారం డబ్బివ్వాలి, పండగ బోనసు నెత్తి మీదుంది. ఇంట్లో కూడా ఇదే మాట. “అమ్మేసి ఊపిరి పీల్చుకోండి, పంతానికి పోతే పస్తులే” అని. దాదాపు ఒప్పేసుకున్నాను కూడా. కొత్త పేరు ఏం పెట్టాలా అని చిత్తు కాగితం మీద రాసుకున్నాను.

ఆగిపోవడానికి కారణం ఒక కోచ్ గారు. పేరు రాస్తే ఆయన ఒప్పుకోరు. చౌకగా ఒక రైఫిలు దొరుకుతుందేమోనని వచ్చారు, ఒక అమ్మాయి కోసం. నేనేం చెప్పకముందే ఆయనే అన్నారు: “రైఫిలు బాగోకపోతే పిల్లలు రైఫిల్ని అనరండీ. తమనే అనుకుంటారు. నేనూ వాళ్ళనే అంటాను. నిలబడే తీరు మారుస్తాను, ఊపిరి మారుస్తాను, భుజం మారుస్తాను. మూడు నెలలు పోయాక గానీ తప్పు ఇనుముదని తెలీదు. ఈలోగా పిల్ల మనసు విరిగిపోతుంది.”

వదులు బ్యారెల్ ఈరోజు పది మీటర్లలో ఒకే చిల్లు కొడుతుంది. సీసం పేరుకున్నాక, ఇంకో రకం గుండు వేశాక, ఎండలో కాగాక ఏం చేస్తుందో ఎవరు పూచీ? పైగా రైఫిలు ఒక చేతిలో ఉండిపోయేది కాదు. ఈ ఏడు ఒకరు కొంటారు, రెండేళ్ళకి ఇంకొకరికి అమ్ముతారు. అప్పుడు ‘ఇది పది మీటర్లకే’ అన్న మా మాట దానితో పాటు వెళ్ళదు. కర్ర మీద చెక్కిన మా షెడ్డు గుర్తు మాత్రం వెళ్తుంది. చిత్తు కాగితం చింపేశాను.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, బ్యారెళ్ళకి వేరే వాళ్ళని చూశాను. డబ్బు ముందు అడిగారు. కడ్డీ పరీక్ష నా కళ్ళ ముందు జరిగితేనే డబ్బు అన్నాను. బేరం ఇంకా తెగలేదు. అదీ కుదరకపోతే జర్మనీ బ్యారెల్ తెప్పించడమే. సుంకం, దిగుమతి కాగితాలు కలిపితే ఖర్చు బాగా పెరుగుతుంది. ఇష్టం లేదు. ఇక్కడ గీసిన బ్యారెల్‌తోనే ఆ అయిదు రూపాయల బిళ్ళ కప్పాలని నాకు పట్టుదల. కానీ నా పట్టుదల కోసం మిమ్మల్ని ఏళ్ళ తరబడి కూర్చోబెట్టను. ఏ బ్యారెల్ వచ్చినా, ఇప్పటికే అడ్వాన్సు కట్టిన వాళ్ళకి ధర పైసా పెరగదు. డబ్బు వెనక్కి కావాలంటే ఫోన్ చెయ్యండి చాలు, కారణం చెప్పక్కర్లేదు, నేను మొహం మాడ్చుకోను. (కొంచెం మాడుతుంది. పట్టించుకోకండి.)

మరో సంగతి. ఆలస్యం ఎలాగూ అయింది కాబట్టి, ‘కాస్త పవరు పెంచి ఇవ్వండి, 80 మీటర్లు కొట్టేలా’ అని అడుగుతున్నారు కొందరు. పెంచను. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటితే కొనేవాళ్ళకి లైసెన్సు కావాలి. నేను ఆ గీతకి ఇవతలే ఉంటాను. చట్టం సంగతి పక్కన పెట్టినా, సీసం గుండు వేగం ధ్వని వేగానికి దగ్గరపడితే ఊగిపోయి గురి చెడుతుంది. వేగం పెరిగితే గురి పెరుగుతుందనేది ఊళ్ళో మాట. ఇక పిట్టల కోసం, కుందేళ్ళ కోసం అడిగేవాళ్ళు దయచేసి రాకండి. వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది, అది లేకపోయినా నేను ఇవ్వను.

పాత రైఫిళ్ళ సర్వీసింగు మామూలుగానే నడుస్తోంది. వానాకాలం కదా, బ్యారెల్లో నూనె గుడ్డ లాగి గానీ బీరువాలో పెట్టకండి. రెగ్యులేటరు, పనస స్టాకు చూడాలనుకుంటే ఆదివారం పొద్దున్న రండి. శాంపిలు బ్యారెల్ ఇంకా నా దగ్గరే ఉంది, కాల్చి చూడొచ్చు. గుళ్ళు మీవే తెచ్చుకోండి.

ఆ వదులు బ్యారెళ్ళు అటక మీద ఉన్నాయి. పంపినవాళ్ళు వెనక్కి తీసుకోం అంటున్నారు, నేను పాత ఇనుముకి వెయ్యనంటున్నాను, ఆ తగువు తేలాలి. వాటిని తక్కువకి ఇస్తారా అని నిన్న కూడా ఇద్దరు అడిగారు. ఇవ్వను. రేపు అడిగినా ఇవ్వను.