టస్కనీ కొండల ఆలివ్ నూనె

ప్రియమైన శ్రీధర్,

నీ ఉత్తరం చేరింది. త్వరగా కాపుకు వచ్చే, యంత్రంతో కోయడానికి వీలైన వేరే ఆలివ్ రకాలు దొరుకుతుండగా, ఇటలీలోని టస్కనీలో నేను పని నేర్చుకుంటున్న ఈ కుటుంబం తాతల నాటి నాలుగు రకాలనే ఎందుకు పట్టుకుని ఉందని అడిగావు. పాతదాని మీద మమకారమే కారణమని నీ అనుమానం. మమకారం లేకపోలేదు గాని, అసలు కారణాలు తోటలోనే కనిపిస్తాయి.

ఫ్రాంతోయో, మొరయోలో, లెచ్చీనో, పెందోలీనో అనే ఈ నాలుగూ ఒకదాని లోటును మరొకటి పూడ్చే చెట్లు. లెచ్చీనో, మొరయోలో చెట్లు తమ పుప్పొడితో తాము సరిగా కాయవు కనుక, వాటి మధ్య అక్కడక్కడ పెందోలీనోను నాటుతారు. పుప్పొడిని మోసుకుపోయే పని గాలిది. లెచ్చీనో చలిని బాగా ఓర్చుకుంటుంది, నూనె సౌమ్యంగా ఉంటుంది. మొరయోలో కాయ చిన్నదే అయినా నూనెలో చేదూ ఘాటూ దండిగా ఉంటాయి. పచ్చికాయ పరిమళం కావాలంటే ఫ్రాంతోయో ఉండవలసిందే.

చలి సంగతి ఇక్కడివారు తేలికగా తీసుకోరు. 1985 జనవరిలో ఇక్కడి ఫ్లోరెన్స్ నగరం పరిసరాల్లో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలకు పైగా దిగువకు పడిపోయి, టస్కనీ తోటల్లో ఎన్నో చెట్లు నేల వరకూ ఎండిపోయాయి. మానులను మొదలంటా నరికివేస్తే, బతికి ఉన్న మొదళ్ల నుంచి పిలకలు లేచాయి. ఒకే మొదలు మీద రెండు మూడు కాండాలున్న చెట్లు ఇప్పటికీ ఇక్కడ కనిపించడానికి కారణం అదే. ఇక నువ్వు చెప్పిన అర్బెకీనా వంటి రకాలను కంచెలా దగ్గర దగ్గరగా నాటి, వరుస మీదుగా యంత్రాన్ని నడిపి కోస్తారు. రాతి గట్లు కట్టిన ఈ ఏటవాలు నేల మీదికి ఆ యంత్రం ఎక్కదు. చదును నేల ఉన్నవారు వాటిని వేసుకుంటే నేను తప్పు పట్టను.

అయితే రకం ఎంత మేలైనదైనా, కోత తరువాత ఆలస్యం చేస్తే నూనె చెడుతుంది, సొంత నూనె మర ఉన్న ఈ కుటుంబానికి అసలు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. అక్టోబరు, నవంబరుల్లో చెట్ల కింద వలలు పరిచి, దువ్వెన వంటి పనిముట్లతో కాయలు దులిపి, గాలి ఆడే లోతు తక్కువ పెట్టెల్లో నింపి, వీలైనంత వరకు ఆ రోజే మరకు చేరుస్తారు. కుప్ప పోసి ఉంచితే కాయ లోలోపల వేడెక్కి పులుస్తుంది, ఆ వాసన నూనెను వదలదు. ఆకులు ఏరి, కడిగి, గింజతో సహా నలిపిన ముద్దను నెమ్మదిగా కలియబెట్టి, వేగంగా తిరిగే యంత్రంలో నూనెను వేరు చేస్తారు. సీసా మీద కోల్డ్ ఎక్స్‌ట్రాక్షన్ (వేడి చేయకుండా తీసినది) అని రాసుకోవాలంటే యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ఆ ముద్ద వేడి 27 డిగ్రీలు దాటకూడదు. వేడి పెంచితే నూనె ఎక్కువ దిగుతుంది గాని పరిమళం పోతుంది కనుక, కక్కుర్తి పడడానికి ఇక్కడ అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే అన్నిటికన్నా మేలు తరగతి నూనె అనిపించుకోవడానికి స్వేచ్ఛా ఆమ్లత, అంటే నూనెలో విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాల మోతాదు, 0.8 శాతం మించకపోవడం ఒక్కటే చాలదు; శిక్షణ పొందిన బృందం రుచి చూసి, దోషం ఏదీ లేదని, కాయ పరిమళం ఉందని తేల్చాలి. రంగును బట్టి మోసపోకూడదని వారు నీలి గాజు గ్లాసుల్లో రుచి చూస్తారు. గొంతులో గుచ్చినట్లు అనిపించి దగ్గు వచ్చిందని నువ్వు ఫిర్యాదు చేశావు చూడు, అది దోషం కాదు, సుగుణం. ఆ మంటకు కారణమైన ఓలియోకాంథాల్ అనే పదార్థం, నొప్పికి వాడే ఐబూప్రోఫెన్ మందు వంటి ప్రభావం చూపుతుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

కొత్త సీసా పంపుతున్నాను. ఇందులో మొరయోలో నూనె వాటా ఎక్కువ కనుక ఈసారి దగ్గు ఇంకా గట్టిగానే వస్తుంది. పొయ్యికి, వెలుతురుకు దూరంగా ఉంచు. పండగల కోసమని దాచిపెట్టకుండా వచ్చే కోతలోగా వాడేసెయ్యి.

నీ
రఘు