గేర్ షిఫ్టర్ ఎర్రర్: పార్టు మార్చేముందు మీటరు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే ఆటోమేటిక్ కార్లు కొన్ని 'షిఫ్టర్ ఎర్రర్' చూపిస్తూ పార్క్‌లోనే మొరాయిస్తాయి. స్కానర్ పెడితే యు0103 కోడ్ వస్తుంది. ఆ వెంటనే షిఫ్టర్ (గేరు మీట, దాని కింది మాడ్యూల్ కలిసిన పార్టు) మార్చాలంటూ ఎస్టిమేట్ చేతిలో పెడతారు. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఇంతే: గేరు మీట కింద ఉన్న మాడ్యూల్ (చిన్న కంప్యూటర్ లాంటిది) నుంచి సమాచారం రావట్లేదని బండిలో ఇంకో మాడ్యూల్ ఫిర్యాదు చేస్తోంది. మీటకు కరెంట్ అందకపోయినా, ఎర్త్ (కరెంట్ తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి) వదులైనా, దారిలో వైరు తెగినా అదే కోడ్.

ఈ తరహా బండ్లలో మీటకూ గేర్‌బాక్స్‌కూ మధ్య కేబుల్ ఉండదు. మీట ఎక్కడుందన్న కబురు, మెలిపెట్టిన రెండు సన్నని వైర్ల మీద (క్యాన్ లైన్ అంటాం) పోతుంది. కాబట్టి ముందు అన్ని మాడ్యూళ్లనూ స్కాన్ చేయాలి. షిఫ్టర్ ఒక్కటే పలకట్లేదంటే తప్పు దాని కొమ్మలోనే ఉంది. చాలా మాడ్యూళ్లు ఒకేసారి మూగబోతే లైను మొత్తాన్నీ చూడాలి. బ్యాటరీ 12.2 వోల్టులకు దిగిపోయి ఉంటే ముందు చార్జ్ చేయండి, సగం కోడ్లు అక్కడే పోవచ్చు.

అసలు మోసం ఎర్త్ దగ్గర జరుగుతుంది. మీటరు 'బీప్' మనగానే వైరు బాగుందనుకుంటారు. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, లోడు పడితే మాత్రం ఆ పోగు మోయలేదు. షిఫ్టర్ కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజు నుంచి వచ్చే పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 21 వాట్ల బల్బు కలపండి. నిండుగా వెలగాలి. అది వెలుగుతుండగా ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. ఈ బల్బును క్యాన్ వైర్లకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగిలించవద్దు.

క్యాన్ లైనుకైతే బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు చూడాలి. 60 ఉంటే సరే. 120 వస్తే లైను రెండు చివర్లా ఉండే రెసిస్టర్లలో ఒకటి గానీ వైరు గానీ తెగినట్టు, సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లూ తగులుకున్నట్టు. అయితే గేట్‌వే (సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య ఉండే మాడ్యూల్) ఉన్న బండ్లలో ఈ కొలత గేట్‌వే దాకానే. అక్కడ 60 వచ్చినంత మాత్రాన షిఫ్టర్ లైను బాగున్నట్టు కాదు, షిఫ్టర్ కనెక్టర్ దగ్గర మళ్లీ కొలవాలి. బ్యాటరీ తిరిగి కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఒక వైరు మీద 2.6, రెండోదాని మీద 2.4 వోల్టుల అటూఇటూ కనిపిస్తుంది.

ఇక కంటితో చూడాల్సినవి. కప్ హోల్డర్‌లో ఒలికిన చాయ్ నేరుగా షిఫ్టర్ మీదికే దిగుతుంది. కనెక్టర్ విప్పితే పిన్నులకు పచ్చటి చిలుము, జిగురు కనిపిస్తాయి. నీళ్లు నిలిచిన రోడ్డులో వెళ్లిన బండికి పైన కార్పెట్ ఆరినా కింద స్పాంజి వారాల తరబడి తడిగానే ఉంటుంది. చెయ్యి పెట్టి నొక్కి చూడండి. ఎలుకల సంగతి సరేసరి. బయట బిగించిన ఆండ్రాయిడ్ స్టీరియో, జీపీఎస్ ట్రాకర్ ఏదైనా క్యాన్ వైరుకు గాటుపెట్టి కలిపారా? ముందు వాటిని ఊడదీసి మళ్లీ స్కాన్ చేయండి. తెగిన వైరు అతికేటప్పుడు రెండు అతుకులూ పక్కపక్కన రాకూడదు, మెలిక విప్పేయకూడదు.

హైదరాబాద్ పుత్లీబౌలిలో పాత షిఫ్టర్ చవగ్గా దొరికినా చాలా బండ్లు దాన్ని కోడింగ్ (స్కానర్‌తో ఆ బండికి నమోదు) చేయందే ఒప్పుకోవు, కొన్ని చేసినా ఒప్పుకోవు.

ఇంకో మాట. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇలా ఆగిన బండిని తాడు కట్టి లాగించొద్దు. పార్క్‌లో ఉంటే ఇంజిన్ తిప్పే చక్రాలు లాక్ అయి ఉంటాయి, గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. చక్రాలకు అడ్డు పెట్టాకే మాన్యువల్‌లో చెప్పినట్టు పార్క్ లాక్ విప్పి, ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించాలి.

షిఫ్టర్ మార్చడానికి సరే అనేముందు యజమానులు జాబ్‌కార్డు మీద మూడు కొలతలు రాయించుకోవాలి: బ్యాటరీ వోల్టేజి, లోడులో ఎర్త్ డ్రాప్ (బల్బు వెలుగుతుండగా ఎర్త్ దగ్గర చూసిన వోల్టులు), షిఫ్టర్ కనెక్టర్ దగ్గర ఓములు. రాయడానికి వెనకాడే షెడ్డులో ఆ పని చేయించుకోకపోవడమే మేలు.

– ఆటో ఎలక్ట్రీషియన్లు, మూసాపేట, హైదరాబాద్