రెండో భాగం సంగతి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన సీజన్ కార్యక్రమాల పుస్తకం అందాయి. కవరు అమ్మకంటే ముందు నేనే చింపేశాను. దానికి రెండు రోజులపాటు సాధింపులు పడ్డాను, పర్లేదు. ఏడు కచేరీలు! పియానో రాత్రికీ, శాక్సఫోన్ రాత్రులకీ, బిగ్ బ్యాండ్ అనే పెద్ద వాద్య బృందానికీ పక్కన టిక్కులు పెట్టావు. గాయక బృందాలు రెండింటికీ మాత్రం అడ్డగీత కొట్టి, "ఇవి ఎవరికైనా ఇచ్చేస్తా నాన్నా, జాజ్ అంటే వాయించేవాళ్లది కదా" అని రాశావు.

సరిగ్గా ఈ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. ఉత్తరం పొడుగొస్తోంది అంటే అందుకే.

నేను జాజ్ నేర్చుకున్నది హాల్లో కూర్చుని కాదని నీకు తెలుసు. రాత్రి పొద్దుపోయాక షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా, అంటే అమెరికా ప్రభుత్వం బయటి దేశాల కోసం నడిపిన రేడియో, పట్టుకుంటే విల్లిస్ కొనోవర్ అనే ఆయన వచ్చేవాడు. 1955లో మొదలుపెట్టి, 1996లో పోయేదాకా ఆ కార్యక్రమం నడిపాడు. గొంతు గంభీరం, మాట నిదానం. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాడికి కూడా అర్థం కావాలని ఒక్కో మాటా విడిగా పెట్టి మాట్లాడేవాడు. తమాషా ఏమిటంటే ఆ రేడియో ప్రసారాలు అమెరికాలో వాళ్లకి వినిపించకూడదని అప్పట్లో అక్కడ చట్టం ఉండేది. ప్రపంచమంతా ఎరిగిన ఆ గొంతుని సొంత దేశంలో పెద్దగా ఎవరూ ఎరగరు.

రేడియో తరంగం లేస్తూ పడుతూ ఉండేది. ట్రంపెట్ అయితే గోడకు కొట్టిన మేకులా నిలబడేది, శాక్సఫోన్ ఒక మోస్తరుగా వచ్చేది. అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద తంత్రీ వాద్యం బేస్ అసలు వినపడేదే కాదు. చిన్న స్పీకరు, దానికి గురగుర ఒకటి తోడు. ఫలానా ఆయన బేస్ వాయిస్తున్నాడని కొనోవర్ చెబితే మాట మీద నమ్మకం ఉంచేవాణ్ణి, అంతే. అలా నా చెవి పై స్వరాలకే అలవాటు పడిపోయింది. ఎవరు ఎంత ఎత్తుకు వెళ్లారు, ఎంత వేగంగా వాయించారు, అదొక్కటే నాకు లెక్క.

ఇలాంటి చెవులేసుకుని మొదటిసారి ఒక కచేరీకి వెళ్లాను. మొదటి భాగం శాక్సఫోన్ చతుష్టయం, రెండో భాగం నలుగురు గాయకులు. విరామంలో లేచాను. చివరి బస్సు పోతుందని పక్కన ఉన్న స్నేహితుడితో చెప్పాను గాని, నిజానికి బస్సుకి ఇంకా గంట టైముంది. "పాటలే కదా" అనుకున్నాను, అదీ అసలు కారణం. మర్నాడు వాడు శాక్సఫోన్ ఊసే ఎత్తలేదు. నలుగురూ మైకులు పక్కన పెట్టి ఒక పాట పాడారట, ఆ పాట గురించే నెల రోజులు చెప్పాడు. ఆ బృందం మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

విరామంలో లేచిపోయిన బుద్ధిమంతుల్లో నేను మొదటివాణ్ణి కాదులే. 1956 జులై 7న అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో, పేరుమోసిన బిగ్ బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందానికి చివరి వంతు వచ్చింది. అర్ధరాత్రి కావొస్తోంది, జనం ఇళ్ల దారి పడుతున్నారు. ఒక బ్లూస్ రెండు ముక్కల మధ్య ఖాళీలో పాల్ గొన్సాల్వెజ్ టెనార్ శాక్సఫోన్ అందుకుని 27 ఆవృత్తాలు, అంటే పాట మొత్తం 27 చుట్లు, ఆపకుండా వాయించాడు. ఒక్కో బ్లూస్ ఆవృత్తం పన్నెండు బార్లు, బారు అంటే తాళంలో ఒక చిన్న కొలత. మొత్తం 324 బార్లు, గుక్క తిప్పుకోవడానికే గాని ఆగింది లేదు. వెళ్లిపోయేవాళ్లు వెనక్కి తిరిగారు, కుర్చీల మధ్యే గంతులు మొదలయ్యాయి. పాపం, ఆయన ఆ ఊపులో రికార్డు కంపెనీ మైకు వదిలేసి పక్కనున్న మైకులోకి వాయించాడు. అది ఎవరిదనుకున్నావు? వాయిస్ ఆఫ్ అమెరికాదే! కంపెనీ టేపులో ఆయన ఎక్కడో దూరం నుంచి వాయిస్తున్నట్టు ఉంటుంది. రేడియో వాళ్ల టేపు తర్వాతెప్పుడో దొరికింది. రెండూ కలిపి 1999లో మళ్లీ విడుదల చేశారు. నువ్వు వినేది ఆ 1999 నాటిదే అయితే మంచిది.

ఇక నీ అడ్డగీతల దగ్గరికొస్తాను.

గొంతుకీ వాద్యానికీ జాజ్‌లో గోడ లేదు తల్లీ. అందరికీ తెలిసిన ట్రంపెట్ మహానుభావుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నే చూడు. 1926లోనే మాటలు వదిలేసి ఉత్త అక్షరాలతో ట్రంపెట్ వాయించినట్టు పాడి రికార్డిచ్చాడు. ఆయన పాట విని ట్రంపెట్ విను, ఊపిరి ఎక్కడ తీస్తాడో, మాటని ఎక్కడ ఆలస్యంగా వదులుతాడో, రెండూ ఒకటే.

మిల్స్ బ్రదర్స్ అయితే ఇంకో అడుగు వేశారు. ఓహయోలో పిక్వే అనే చిన్న ఊరి అన్నదమ్ములు నలుగురు. చిన్నప్పుడు ఒక పోటీకి వెళ్లి చూసుకుంటే ఊదాల్సిన కజూ అనే చిన్న ఊదుడు వాద్యం మర్చిపోయారట. హ్యారీ అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ట్రంపెట్ ధ్వని తీశాడు. తర్వాత ఒకరు బేస్, ఒకరు ట్రాంబోన్, ఇలా నోళ్లతోనే బ్యాండు మొత్తం కట్టేశారు. 1930ల మొదట్లో వచ్చిన వాళ్ల రికార్డుల మీద, గిటారు ఒక్కటి తప్ప ఇందులో వేరే ఏ వాద్యమూ యంత్రమూ వాడలేదని కంపెనీ అచ్చు వేసుకోవలసి వచ్చింది. లేకపోతే జనం నమ్మరు మరి! 1936లో పెద్దవాడు జాన్ చిన్న వయసులోనే పోయాడు. బేస్ పాడేది అతనే. ఆ ఖాళీలోకి వాళ్ల నాన్న వచ్చి నిలబడ్డాడు. కొడుకు స్వరాన్ని ఇరవై ఏళ్లపాటు ఆయనే పాడాడు. నేను ఆ రికార్డులు వింటున్నప్పుడు పైన ముగ్గురు ఏం పాడుతున్నారన్నది పట్టించుకోను. కింద ఆ ముసలాయన గొంతే వింటాను. నా రేడియోకి ఎప్పుడూ అందని స్వరం అది.

నువ్వు అడ్డగీత కొట్టిన రెండో గాయక బృందం గురించి పుస్తకంలో "వోకలీజ్" అని రాసి ఉంది, నువ్వు పేజీ తిప్పేసి ఉంటావు. అంటే, ఎవరో ఒకరు ఒంటరిగా అప్పటికప్పుడు కల్పించి వాయించి రికార్డు చేసిన సోలోకి, స్వరం స్వరానికీ సరిపడేలా మాటలు కట్టి పాడటం. స్వరజతికి సాహిత్యం కూర్చినట్టే అనుకో. కాకపోతే ఇక్కడ స్వరాలు వేసినవాడు, వాటికి ఒకరోజు మాటలొస్తాయని కలలో కూడా అనుకోలేదు. శాక్సఫోన్ వాయించే వార్డెల్ గ్రే 1949లో వాయించిన సోలోకి గాయని ఆనీ రాస్ 1952లో మాటలు పెట్టింది. ఆ తర్వాత ఆమె, డేవ్ లాంబర్ట్, జాన్ హెండ్రిక్స్ అనే ఇద్దరు గాయకులతో కలిసి, కౌంట్ బేసీ నడిపిన బిగ్ బ్యాండు మొత్తాన్నీ గొంతుల్తోనే పాడదామని కూర్చుంది. ముందు పెద్ద గాయకుల గుంపుని పిలిపించారు. నొటేషన్ చూసి తప్పు లేకుండా పాడారు గాని ఊపు రాలేదు. చివరికి ముగ్గురే, ఒకదాని మీద ఒకటి గొంతులు పేర్చుకుంటూ 1957లో రికార్డు ముగించారు. ఊపు నొటేషన్‌లో రాయడానికి కుదరదు, అదే వచ్చిన చిక్కు.

మరి ఎలా వినాలి అని అడుగుతావు. పియానో వాడికి మీట ఎక్కడుందో తెలుసు, నొక్కితే స్వరం పలుకుతుంది. గాయకుడికి నొక్కడానికి ఏమీ లేదు. నలుగురూ ఒకే స్థాయిలో పక్కపక్కన ఇరుక్కున్న స్వరాలు పట్టుకోవాలి, ఒకడు వెంట్రుకవాసి జారితే పాట రంగే మారిపోతుంది. వాద్యాలు లేకుండా పాడేటప్పుడు అందరూ కలిసి కొంచెం కొంచెంగా శ్రుతి దిగిపోవడం కూడా ఉంది. మొదట్లో స్వరం చూపించిన చిన్న ఊదుడు గొట్టాన్ని పాట చివర మళ్లీ ఊది చూస్తే బండారం బయటపడుతుంది. అందుకే ఎవరూ ఊదరు. మొదటి పాటకి పైవాళ్లని వదిలేసి కింది గొంతునే పట్టుకుని కూర్చో. రెండో పాటకి మధ్య గొంతుల్లో ఒకదాన్ని. మధ్యవాళ్లకి రాగం ఉండదు, పేరూ ఉండదు, రంగు మాత్రం వాళ్లదే.

కుర్చీల విషయం. పియానో రాత్రికి ఎడమవైపు తీసుకో, చేతులు కనిపిస్తాయి. బిగ్ బ్యాండ్‌కి ముందు వరస వద్దు, ట్రంపెట్లు నెత్తిన పడతాయి. గాయక బృందాలకి హాలు మధ్యలో, సౌండ్ ఇంజినీరు బల్లకి దగ్గరగా. ఆయన చెవికి ఏది బాగుంటే అదే సర్దుతాడు, ఆయన పక్కన కూర్చున్నవాడికే అసలు పంట. సోలో అయ్యాక చప్పట్లు కొట్టడం ఆచారం, కొట్టు. అయితే బేస్ సోలో మొదలవగానే హాలంతా దగ్గులూ గుసగుసలూ లేస్తాయి, ఆ గుంపులో మాత్రం చేరకు. నా మీద గౌరవం ఉంటే.

ఒక టికెట్టు మీ స్నేహితురాలికి మాటిచ్చేశానన్నావు. మాట వెనక్కి తీసుకోమనను. ఆ రాత్రికి ఇంకొకటి దొరుకుతుందేమో అడిగి, డబ్బు నా లెక్కలో రాసుకో, ఇద్దరూ వెళ్లండి. అమ్మకి చెప్పొద్దు, ఆమె దృష్టిలో ఇప్పటికే నేను నిన్ను చెడగొట్టాను.

ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను. మొదటి భాగం గురించి తర్వాత చెబుదువుగాని, ముందు రెండో భాగం చెప్పు.

మీ నాన్న